ముప్పై నాలుగో ఇల్లు

మా బళ్ళో పౌరశాస్త్రం పీరియడ్‌కి పట్టిన గతి చెబితే మీకు నవ్వొస్తుంది. వారానికి రెండు, అవీ మధ్యాహ్నం అన్నాలయ్యాక. లెక్కల మాస్టారుకి పాఠాలు మిగిలిపోతే నా పీరియడ్ అడుగుతాడు. ఆటల పోటీలొస్తే డ్రిల్లు నా పీరియడ్‌లోనే. పన్నెండేళ్ళుగా ఇవ్వనంటే ఇవ్వనని పోట్లాడుతున్నాను. అందుకని స్టాఫ్ రూములో నా వెనక నన్ను గయ్యాళి అంటారు. అననీ. వైదేహి టీచర్ క్లాసులో పిల్లలు నిద్రపోరని కూడా అంటారు, ఆ మాట మాత్రం నా ఎదుటే అంటారు.

తొండియార్‌పేటలో తెలుగు మీడియం ఇంకా నడుస్తున్న కొద్ది బళ్ళలో మాదొకటి. ఎనిమిదో తరగతిలో పందొమ్మిది మంది. ఎక్కువమంది హార్బరు కూలీల పిల్లలు, చేపల షెడ్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నా పరీక్ష పేపర్లో రెండూ. జూన్‌లో మొదటి క్లాసు రోజున ప్రతి ఏడూ వాళ్ళకొక ఉపన్యాసం ఇస్తాను. ఈ ఏడూ ఇచ్చాను.

"ఈ క్లాసులో మీరు బట్టీ పట్టేదేమీ ఉండదు. పార్లమెంటులో ఎన్ని కుర్చీలున్నాయో నేను అడగను. మీ వీధిలో లైటు వెలగకపోతే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, ఆయన పలక్కపోతే ఆయన పైన ఎవరున్నారు, అదే మన పాఠం. ఏడాది తిరిగేలోగా మీరంతా కలిసి ఒక ఆఫీసు మెట్లెక్కి ఒక పని సాధించుకు రావాలి. మార్కులు దానికే."

మూడో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. "ఆఫీసులో అరిస్తే ఏం చెయ్యాల టీచర్?"

"అరవనీ. మన చేతిలో సరైన కాయితం ఉంటే అరుపులకి భయపడే పని లేదు" అన్నాను.

ఆ చెయ్యి మంగది. పదమూడేళ్ళ పిల్ల. ఏదైనా అర్థమయ్యేదాకా వదలదు, అర్థమయ్యాక మర్చిపోదు. ఇలాంటి పిల్ల టీచరుకి నాలుగైదేళ్ళకొకతె దొరుకుతుంది, దొరికినప్పుడు టీచరుకి కళ్ళు నెత్తికెక్కుతాయి. నాకూ ఎక్కాయి.

మంగ వాళ్ళది కాలవ గట్టు మీద ఇల్లు. ఒకటే గది, పైన సిమెంటు రేకులు. తల్లి పుష్పవల్లి రొయ్యలు ఒలిచే షెడ్డుకి తెల్లవారకముందే పోతుంది. తండ్రి పడవ మీద వెళితే పది రోజులకి గాని గట్టెక్కడు. ఆ గట్టు మీద అలాంటి ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. ఏటా వానలకి కాలవ పొంగి, ఆ నల్లటి నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి. మంచం మీద మంచం వేసుకొని రెండు రోజులు కూర్చుంటారు. ఈ ఏడు ఏ పని సాధిద్దాం అని నేను అడిగితే పందొమ్మిది మందీ ఒకటే మాట చెప్పారు. కాలవ పూడిక తీయించాలి, గట్టుకి గోడ కట్టించాలి.

నాకు భలే ఉత్సాహం వచ్చింది. అర్జీ అంటే ఏడుపు కాదు, లెక్కలతో వెళ్ళాలి అన్నాను. పీటీ మాస్టారు దగ్గర లాంగ్ జంప్ కొలిచే టేపు తీసుకొని మూడు శనివారాలు పిల్లల్ని గట్టు మీదికి తీసుకుపోయాను. ప్రతి ఇల్లూ కాలవ అంచు నుంచి ఎన్ని అడుగుల దూరమో కొలవాలి. ఒక్కో ఇంటిని మూడుసార్లు కొలవాలి, మూడూ రాయాలి, మధ్యది తీసుకోవాలి. అంకె కల్పించి రాశారని తెలిస్తే మార్కులు తీసేస్తానని బెదిరించాను. టేపు ఒక కొస మంగ పట్టుకుంది. నోటుబుక్కూ తనే రాసింది. గట్టు మీది జనం నవ్వారు, టీ ఇచ్చారు, పేర్లు అడిగితే చెప్పారు, ఇంట్లో ఎంతమందో చెప్పారు. కొసన ఉన్న ముసలాయన ఒకడు మా వెంట పడి వచ్చాడు. "మా ఇల్లు ఇడిచిపెట్టి పోతుండారే పిల్లలూ, మమ్మల్ని కూడా రాసుకోండి" అని. రాసుకున్నాం. అది నలభై ఒకటో ఇల్లు. మంగ వాళ్ళది ముప్పై నాలుగు, అంచు నుంచి ఇరవై రెండు అడుగులు.

పెద్ద చార్టు మీద మ్యాపు గీశారు. ఇళ్ళు ఎర్ర గడులు, గడిలో నంబరు, పక్కన కుటుంబం పేరు. కాలవకి నీలం రంగు వెయ్యమంటే మంగ ఒప్పుకోలేదు. "నల్లంగా ఉంటే నీలం ఎందుకు వెయ్యాల టీచర్?" అంది. నల్లగానే వేశారు. అంత శుభ్రమైన మ్యాపు మా బళ్ళో నేను చూడలేదు, పదికి పది వేశాను.

హెడ్ మాస్టర్ ఏకాంబరం గారికి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. మంచివాడు, దేనికీ అడ్డం రాడు. ఆయనకున్న ఒకే ఒక సరదా బడి సీలు. "సీలు లేకపోతే ఎవడు చూస్తాడమ్మా" అంటూ అర్జీ మీద ఒకటి, పేర్ల జాబితా ప్రతి పేజీ మీద ఒకటి, మ్యాపు నాలుగు మూలలా నాలుగు కొట్టాడు. ఒక సోమవారం పిల్లల్ని తీసుకెళ్ళి కాలవల పని చూసే ఆఫీసులో ఇచ్చి, రసీదు తెచ్చుకున్నాం. ఎవరూ అరవలేదు. బస్సులో పిల్లలు పాటలు పాడారు.

నవంబరులో వానలొచ్చాయి. గట్టు మీద ఇళ్ళల్లోకి మామూలుగానే నీళ్ళొచ్చాయి. వానలు వెనకపట్టాక ఆఫీసు నుంచి జవాబొచ్చింది. పిల్లల అర్జీని అధికారులు మెచ్చుకున్నారని, పూడికతీతకీ గోడకీ మంజూరు అయిందని, పని త్వరలో మొదలవుతుందని. ఆ కాయితాన్ని ఏకాంబరం గారు ప్రేయర్‌లో చదివించారు. మంగని మెట్ల మీద నిలబెట్టి బడంతా చప్పట్లు కొట్టింది. నేను ఒక పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. లెక్కల మాస్టారు కూడా చప్పట్లు కొట్టాడు, అది చూసి మరింత సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డిసెంబరు రెండో వారంలో ఒక రోజు సగం క్లాసు రాలేదు. వచ్చినవాళ్ళని అడిగితే, "గట్టు మీద ఆఫీసోళ్ళు వచ్చుండారు టీచర్, తలుపుల మీద నంబర్లు వేస్తా ఉండారు" అన్నారు. భోజనం బెల్లు కొట్టగానే చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని పరుగెత్తాను.

నలుగురు మనుషులు, ఒక పెయింటు డబ్బా. వాళ్ళ పైన అసిస్టెంటు ఇంజనీరు. చేతిలో కాయితం. దగ్గరికెళ్ళి చూస్తే అది మా మ్యాపు జిరాక్సు. జిరాక్సులో ఎర్ర గడులన్నీ బూడిదరంగుకి వచ్చాయి గాని నాలుగు మూలల సీళ్ళు స్పష్టంగా ఉన్నాయి. కాయితం చూసి ఇల్లు వెతుక్కుంటున్నారు, మా పిల్లలు ఏ నంబరిచ్చారో అదే నంబరు తలుపు మీద వేస్తున్నారు. పుష్పవల్లి తన గుమ్మంలో నిలబడి ఉంది, చేతులకి ఇంకా రొయ్యల పొట్టు అంటుకొని ఉంది. ఆమె తలుపు మీద తెల్లటి పెయింటుతో ముప్పై నాలుగు.

"ఎందుకు టీచరమ్మా ఇదంతా? గోడ కట్టేదానికేనా?" అంది.

నేను ఇంజనీరుని తమిళంలో నిలదీశాను. ఆయన నా ముఖం చూసి, నవ్వి, తెలుగులో మాట్లాడాడు. "మీరేనా వైదేహి టీచర్? నా పేరు శ్రీకుమార్. మేము కూడా ఇంట్లో తెలుగే టీచర్. మా అమ్మోళ్ళది గుమ్మిడిపూండి పక్కన. మీ పిల్లకాయలు మా సర్వేయర్ల కన్నా నయం. మా లిస్టులో ఇరవై ఆరు ఇళ్ళే ఉండాయి. తక్కిన పదిహేను ఈ మ్యాపు వల్లే తెలిసినాయి."

"తెలిసి ఏం చేస్తారు?"

"పూడిక తీసే మిషను గట్టు మీదికి రావాలంటే చోటు కావాల గదా. ఇళ్ళు తియ్యాల్సిందే. కానీ ఆ పదిహేను ఇళ్ళ సంగతి మాత్రం మంచికే టీచర్, రొంబ మంచికే, కొంచెం వినండి..."

వినలేదు. నా పిల్లలు గీసిన గీతలు పట్టుకొని నా పిల్లల ఇళ్ళు కూలుస్తూ, పైగా మంచికే అంటున్నాడు. పైగా మేమూ తెలుగే అంటున్నాడు. "మీ మంచి మీ దగ్గరే పెట్టుకోండి. మీలాంటివాళ్ళ తెలుగు నాకక్కర్లేదు" అని గట్టు మీద అందరూ వినేలా అరిచాను. జనం నా వెనక చేరారు. ఆయన ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఆ పూట నేను బడికి మహారాణిలా తిరిగొచ్చాను.

జనవరిలో నోటీసులొచ్చాయి. ఇరవై ఒక్క రోజుల గడువు, ఆలోగా ఆక్షేపణలుంటే ఆఫీసులో విచారణకి రావచ్చు. నోటీసులో ఒక వాక్యం కింద నేను ఎర్ర పెన్నుతో గీత గీశాను. "పాఠశాల నుంచి వచ్చిన మ్యాపును అనుసరించి నలభై ఒక్క ఇళ్ళు." రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాను. వీళ్ళ నోటీసుకి పునాది మా మ్యాపు. మ్యాపు తప్పంటే నోటీసు నిలవదు. మళ్ళీ సర్వే చెయ్యాలి, సర్వేకి ఆరు నెలలు పడుతుంది, ఆలోగా కోర్టుకి వెళ్ళొచ్చు. ఎంత తెలివైన ఆలోచనో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. పన్నెండేళ్ళు పౌరశాస్త్రం చెప్పినదాన్ని, ఒక వకీలునైనా అడగాలని తోచలేదు.

కాయితం నేనే రాశాను. ఆ మ్యాపు తరగతి గది ఆట అని, పిల్లలు గట్టు మీదికి వెళ్ళలేదని, ఇళ్ళ సంఖ్యా దూరాలూ ఊహించి వేసినవని, దాన్ని ఆధారంగా తీసుకోరాదని. కింద నా సంతకం. గ్రూపు లీడరు సంతకం కూడా ఉంటే బలంగా ఉంటుందని మంగని స్టాఫ్ రూముకి పిలిపించాను.

మంగ కాయితం మొత్తం చదివింది. పెన్ను తీసుకోలేదు. "మేము పోయినాం గదా టీచర్. మూడేసి తడవలు కొలిచినాం. నోటుబుక్కులో ఉండాది."

"ఆ నోటుబుక్కు ఎవరికీ చూపించకు."

"కల్పించి రాస్తే మార్కులు తీసేస్తానని మీరే అన్నారు."

"ఇల్లు కావాలా నీకు, మార్కులు కావాలా?" అని అరిచాను. లెక్కల మాస్టారు పేపర్లు దిద్దుతున్నవాడు తలెత్తి చూశాడు. మంగ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నా అరుపుకి కాదు. కొలిచిన పనిని కొలవలేదని రాయమంటున్నానని. అది నాకు ఆ క్షణాన్నే తెలుసు, తెలిసీ పెన్ను దాని వేళ్ళ మధ్య పెట్టాను. రెండక్షరాలు రాసి వెళ్ళిపోయింది.

ఏకాంబరం గారు మొట్టమొదటిసారి సీలు తీయడానికి ఆలోచించాడు. "ఏమ్మా, మనమే ఇచ్చి మనమే కాదంటే బాగుంటుందా? ఒక మాట ఆ ఇంజనీరుతో మాట్లాడి చూస్తే?"

"సార్, మీకు భయమైతే చెప్పండి, సీలు నేను కొట్టుకుంటాను" అన్నాను. పాపం, ఆయన కొట్టాడు. ఒక ప్రతి పై అధికారికి రిజిస్టర్ పోస్టులో పంపించాను, ఇంకోటి నా బ్యాగులో పెట్టుకున్నాను.

విచారణ రోజు పొద్దున పది గంటలకే గట్టు మీది జనమంతా ఆఫీసు వరండాలో కూర్చున్నారు. పుష్పవల్లి షెడ్డు మానుకొని వచ్చింది. మంగ జడలు గట్టిగా వేసుకొని, యూనిఫాం వేసుకొని, పుస్తకాల సంచీ కూడా తెచ్చుకుంది. మధ్యాహ్నం బడికి పోదామని. ముందుగా అర్జీ పెట్టిన బడివాళ్ళని పిలిచారు. నన్నూ మంగనీ మాత్రమే లోపలికి రానిచ్చారు.

లోపల టేబుల్ వెనక పై అధికారి, నలభై ఏళ్ళ ఆవిడ. తమిళంలోనే మాట్లాడుతుంది. పక్కన శ్రీకుమార్. ఆవిడ ముందు నేను పోస్టులో పంపిన కాయితం ఉంది. మార్జిన్‌లో పచ్చ ఇంకుతో ఏదో రాసి ఉంది. ఆవిడ ఇంకో ఫైలు మీద సంతకాలు పెడుతోంది, మమ్మల్ని కూర్చోమని చేత్తో చూపించింది.

శ్రీకుమార్ కొంచెం ముందుకి వంగాడు. గొంతు తగ్గించి, తెలుగులో అన్నాడు. "టీచర్, నా మాట వినండి. ఆ కాయితం వెనక్కి తీసుకోండి. ఇప్పుడే. తప్పుగా పంపించినామని ఒక ముక్క చెప్పండి, చాలు. ఆమెకి తెలుగు రాదు."

ఎంత మంచి అవకాశమో అది. ఒక మనిషి తన ఉద్యోగాన్ని పక్కన పెట్టి, మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన భాషలో నాకు దారి చూపించాడు. నాకేం వినిపించిందో తెలుసా? భయపడుతున్నాడని వినిపించింది. నా కాయితం సూటిగా తగిలిందని వినిపించింది.

నేను గొంతు పెంచి తమిళంలో అన్నాను. "ఏం సార్, గుసగుసలెందుకు? మేడమ్‌కి కూడా అర్థమయ్యే భాషలో చెప్పండి. కాయితం వెనక్కి తీసుకోమని ఎందుకు బతిమాలుతున్నారో."

ఆవిడ పెన్ను ఆపి ఆయన వైపు చూసింది. ఆయన ముఖం ఎర్రబడింది. వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ గదిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

"మీ కాయితం చదివాను" అంది ఆవిడ. "మ్యాపు ఊహించి గీసింది, అంతేనా?"

"అంతే మేడమ్."

"గీసింది ఈ అమ్మాయేనా?" అని మంగ వైపు తిరిగింది. గొంతులో కోపమేమీ లేదు. "మీరు గట్టు మీదికి వెళ్ళి కొలిచారా, లేదా?"

మంగ నా వైపు చూసింది. నేను తల ఊపాను. చాలా చిన్నగానే ఊపాను, కానీ ఊపాను.

"కొలవలేదు మేడమ్. ఊరికే రాసినాం."

"బాగా ఆలోచించుకొని చెప్పు."

"కొలవలేదు మేడమ్."

ఆవిడ గుమాస్తాని పిలిచి ఆ మాట రాయించింది. మంగ చేత సంతకం పెట్టించింది. తర్వాత నాకు చెప్పింది, నేను పిల్లలకి చెప్పేటట్టే, ఓపిగ్గా. ఇళ్ళు తీసేది మ్యాపుని బట్టి కాదు. కాలవ హద్దు రాళ్ళు ఎప్పుడో ఉన్నాయి, వాటి లోపల ఉన్నదంతా పోవలసిందే. ఆ పని ఆగదు. నాలుగేళ్ళ కిందట ఒక లెక్క తీశారు. ఆ రోజు మనుషులున్న ఇళ్ళు ఇరవై ఆరు. వాళ్ళ వేలిముద్రలున్నాయి, వాళ్ళకి ఊరి దక్షిణాన ఎనిమిదంతస్తుల ఇళ్ళల్లో ఒక్కో ఫ్లాటు వస్తుంది. ఆ రోజు పనికి పోయి తాళం వేసుకున్న ఇళ్ళు ఏ లెక్కలోనూ లేవు.

"ఆ పదిహేను ఇళ్ళకీ ఫ్లాట్లు ఇవ్వాలని మా ఇంజనీరు ఫైలు పెట్టాడు. ఆధారం మీ మ్యాపొక్కటే. బడి సీలుంది, పేర్లున్నాయి, కొలతలున్నాయి. నేను ఒప్పుకొని పైకి పంపబోతున్నాను, అప్పుడు మీ ఉత్తరం వచ్చింది." నోటీసులో నలభై ఒకటి అని రాయడం కూడా ఆ పదిహేనుమందిని కలుపుకోవడానికేనంది. "ఇప్పుడు మీరే అబద్ధమంటే నేనేం చెయ్యగలను?"

తర్వాత నా గొంతే వినిపించింది. మ్యాపు నిజమని, ఉత్తరమే అబద్ధమని, నేనే కావాలని రాయించానని, పిల్లకి ఏ పాపం తెలియదని. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు.

"రెండింటి మీదా మీ బడి సీలే ఉంది" అంది ఆవిడ. "ఏ సీలుని నమ్మమంటారు?"

అప్పుడు మంగ సంచీలోంచి నోటుబుక్కు తీసింది. అట్ట మీద కాలవ నీళ్ళ మరకలు. పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టింది. "మూడు తడవలు కొలిచినాం మేడమ్. ప్రతి ఇంటికీ మూడు అంకెలుండాయి. చూడండి. మా ఇల్లు ఇరవై రెండు, ఇరవై రెండున్నర, ఇరవై రెండు." తమిళంలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేసింది, మళ్ళీ తమిళంలో చెప్పింది. వేలు అంకెల మీద పెట్టి ఒక్కొక్కటే చూపిస్తోంది.

ఆవిడ నోటుబుక్కు చూసింది. నిజంగానే చూసింది, పేజీలు తిప్పింది. తర్వాత దాన్ని మూసి మంగ వైపు జరిపింది. "కొలవలేదని ఇప్పుడే సంతకం పెట్టావు కదమ్మా" అంది.

మంగ నోటుబుక్కు తీసి సంచీలో పెట్టుకుంది. శ్రీకుమార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. పుష్పవల్లి ముందుకొచ్చి, "ఏమన్నారు టీచరమ్మా?" అంది. "ఒప్పుకోలేదు" అన్నాను. అది కూడా ఒక రకంగా నిజమే. మంగ నా పక్కన నిలబడి చెప్పుల వైపు చూస్తోంది. కాసేపటికి గుమాస్తా బయటికొచ్చి, బడి మ్యాపు రద్దయిందని, పాత లిస్టులో పేరున్న ఇరవై ఆరు కుటుంబాలే లోపలికి రావాలని చెప్పి, ఆ పేర్లు చదివాడు. పుష్పవల్లి పేరు అందులో లేదు. కొసన ఇంటి ముసలాయన తన పేరు వినపడక, లిస్టు మళ్ళీ చదవమని రెండుసార్లు అడిగాడు.

ఆ తర్వాత నేను తిరగని చోటు లేదు. వకీలు దగ్గరికి వెళ్ళాను, కౌన్సిలరు దగ్గరికి వెళ్ళాను. శ్రీకుమార్ ఆఫీసు బయట రెండు గంటలు నిలబడితే ఆయన బయటికి వచ్చాడు. "టీచర్, ఆ పొద్దు ఒక్క మాట మీరు ఇని ఉంటే..." అని, మిగతాది మింగేసి స్కూటరెక్కాడు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరిలో మిషను వచ్చింది. ఒక్క పగటి పని. ఇరవై ఆరు కుటుంబాలు సామాను లారీలకెక్కించుకొని ఫ్లాట్ల తాళంచెవులు పట్టుకొని పోయాయి. పదిహేను కుటుంబాలు రేకులూ తలుపులూ పీక్కొని రోడ్డు పక్కన పెట్టుకున్నాయి. నేను బడి మేడ మీద నుంచి చూశాను. కిందికి దిగి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

నాలుగో రోజు పుష్పవల్లి మంగని తీసుకొని బడికొచ్చింది, టీసీ కోసం. అంబత్తూరులో ఆమె చెల్లెలుంది, అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఏదో కంపెనీలో ఊడ్చే పని. వాళ్ళ గదిలోనే వీళ్ళూ సర్దుకోవాలి.

"ఆడ బడి చూసినారా?" అని అడిగాను. నాకు తెలియకుండానే ఆమె మాట నా నోట్లోకొచ్చింది.

"తమిళ బడి ఉండాది. ముందు ఈడ ఉండేదాన్ని ఆడ సర్దుకోవాల గదా టీచరమ్మా. చెల్లెలికి చంటిబిడ్డ. ఈ ఏడు మంగ ఇంట్లో ఉండి బిడ్డని చూసుకొంటే మేమిద్దరం పనికి పోతాం. వచ్చే ఏడు చూస్తాం." వచ్చే ఏడు అన్నప్పుడు ఆమె మంగ వైపు చూడలేదు.

ఏకాంబరం గారు టీసీ రాస్తున్నాడు. పుష్పవల్లి ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. మంగ నా దగ్గరికొచ్చింది. ఆఫీసు రోజు తర్వాత నాతో మాట్లాడ్డం అదే మొదటిసారి.

"టీచర్, అమ్మకి చెప్పబాకండి."

"ఏం చెప్పకూడదు?"

"నేను కొలవలేదని చెప్పినందుకే మాకు ఫ్లాటు రాకుండా పోయిందని. ఆ పదిహేను ఇళ్ళోళ్ళవీ పోయినాయని. అమ్మకి తెలియదు. తెలిస్తే నాతో మాట్లాడదు." తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. "మీరు చెప్పమన్నా నేను చెప్పకుండా ఉండాల్సింది గదా టీచర్?"

నీది కాదు తప్పు, నాది, అన్నాను. దాని రెండు చేతులూ పట్టుకొని అన్నాను. అది తల ఊపింది, పెద్దవాళ్ళు ఓదారిస్తే పిల్లలు ఊపేటట్టు. ఒక్క ముక్క నమ్మలేదు.

నమ్మించే దారి ఒకటే ఉంది. పుష్పవల్లిని పిలిచి, ఆ పిల్ల ముందే, ఏకాంబరం గారి ముందే, జరిగిందంతా చెప్పడం. మీకు రావలసిన ఫ్లాటు పోగొట్టిన కాయితం నేను రాశానమ్మా, మీ బిడ్డ వద్దంటే దాని చేత బలవంతంగా సంతకం పెట్టించాను, ఆఫీసులో దాని చేత అబద్ధం చెప్పించాను, వద్దని చెప్పిన మనిషి నోరు మూయించాను. నాలుగు వాక్యాలు. నేను నోరు తెరిచాను కూడా.

పుష్పవల్లి టీసీ మడిచి జాకెట్లో పెట్టుకొని నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా కోసం చాలా తిరిగినారు టీచరమ్మా. ఆ ఆఫీసోళ్ళ ముందర మీరొక్కరే మా పక్క నిలబడినారంట. మా మంగ చెప్పింది" అంది.

మంగ నేల చూస్తోంది.

నేను చెప్పలేదు. పుష్పవల్లి రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టి, కూతురి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది.